రెండో తుమ్ము

మా ఇంట్లో తుమ్ముకు చట్టం ఉంది. దాన్ని చేసినవాడు మా మామగారు. ఆయనకు చదువు రాదు కాబట్టి నోటితోనే చేశాడు. కాగితం మీద లేనందువల్ల దాన్ని ఇంతవరకు ఎవరూ చింపలేకపోయారు.

నేను సత్యవేడు పక్కన పుట్టాను. మా నాయన కులానికి నేతగాడే అయినా మగ్గం అమ్మేసి సేద్యంలో పడ్డాడు. మా పుట్టింట్లో ఎవరైనా గడప దాటబోతుండగా తుమ్ము వినిపిస్తే వెనక్కి వచ్చి కూర్చోవాలి, ఒక గుక్క నీళ్ళు తాగాలి, కాసేపు ఆగి బయలుదేరాలి. వెంటనే రెండో తుమ్ము పడితే మొదటిదాని దోషం పోయినట్టే, నిక్షేపంగా వెళ్ళొచ్చు. ఈ లెక్క తెలుసుకునే నేను నగరికి కాపురానికి వచ్చాను.

నగరిలో మా అత్తవారిది మరమగ్గాల ఇల్లు. ముందు రెండు గదులు, వెనక షెడ్డు. అప్పుడు రెండు మగ్గాలు, ఇప్పుడు నాలుగు. పెళ్ళయిన మూడో రోజు నన్నూ నా మొగుడు దామోదరాన్నీ గుడికి పంపుతున్నారు. షెడ్డులో ఎవరో తుమ్మారు. నేను కూర్చున్నాను. ఇంకెవరో తుమ్మారు. లేచాను. మూడో తుమ్ము పడింది. మళ్ళీ కూర్చున్నాను. ఇట్లా లేస్తూ కూర్చుంటూ ఉంటే, పిల్లకు మోకాళ్ళ జబ్బేదో ఉన్నట్టుంది, దాచిపెట్టి అంటగట్టారని మా అత్త మొగం మాడ్చుకుంది. మామగారు వచ్చి సంగతి విని నవ్వాడు.

"ఇది మగ్గం ఇల్లు మా. నూలు దుమ్ముకు పొద్దస్తమానం తుమ్ముతానే ఉంటాం. ఇవన్నీ లెక్క పెడితే నీ పెండ్లికొచ్చినోళ్ళు ఇంకా ఈడనే కూసోనుండాల."

ఆ రోజే ఆయన చట్టం చేశాడు. షెడ్డు గడపకు లోపల పడిన తుమ్ము లెక్కలోకి రాదు. వీధి గడప దగ్గర పడింది వస్తుంది. తర్వాత నలభై ఏళ్ళలో పక్కింటి చంద్రకాంతమ్మ దానికి సవరణలు చేర్చింది. జలుబు తుమ్ముకు బలం లేదు. మిరియాలకూ మిరపకాయలకూ వచ్చిన తుమ్ముకు బలం లేదు. మూడేళ్ళు నిండని బిడ్డది దేవుడి తుమ్ము, దాన్ని మనుషులు లెక్క పెట్టరాదు. ఇవన్నీ ఆమెకు ఎవరు చెప్పారని ఎవరూ అడగలేదు. గట్టిగా మాట్లాడే మనిషిని ఆధారం అడిగే అలవాటు మా వీధిలో లేదు.

ఇంటిల్లిపాదిలో ఈ చట్టాన్ని పట్టుకుని వేలాడేది నేనే. సంతకు పోయే మనిషిని కూడా మలుపు తిరిగేదాకా నిలబడి చూస్తాను. ఇరవై ఆరేళ్ళ కిందట దామోదరం చీరల మూట తీసుకుని మద్రాసు బస్సెక్కాడు. తిరువళ్ళూరు దాటాక సీట్లోనే గుండె ఆగిపోయింది. ఆయన్ను ఇంటికి తెచ్చిన మర్నాడు, ఒక్క చీర కూడా తగ్గకుండా మూటను పంపించాడు కండక్టరు. అంత నిజాయితీపరుణ్ణి నేను చూడలేదు. ఆ బస్సు బోర్డు అరవంలో ఉండింది. తెలుగులో ఉన్నా నాకు చదవడం వచ్చేది కాదు. ఆ తర్వాత చాలా రోజులు ఏ పని మీద పోయినా బస్టాండులో కాసేపు కూర్చునేదాన్ని. పుత్తూరు, తిరుపతి, చిత్తూరు, కాణిపాకం అని కండక్టర్లు అరిచేవాళ్ళు, నేను బోర్డు చూసేదాన్ని. అట్లా ఒక్కో ఊరి పేరుతో అక్షరాలు కూడబలుక్కున్నాను. ఇప్పుడు పేపరు ఆ చివరినుంచి ఈ చివరిదాకా చదువుతాను. అరవం మాత్రం రాలేదు.

మా అబ్బాయి ధర్మేంద్రకు నా చట్టం మీద గౌరవం లేదు. నేను నోరు విప్పినప్పుడల్లా ఒకే మాట అడుగుతాడు. "మా నాయన పోయిన పొద్దు ఎవురు తుమ్మినారు? ఎవురూ తుమ్మలే. మరి ఎట్ల పోయినాడు?" దానికి నా దగ్గర జవాబు లేదని వాడనుకుంటాడు.

ఇంక మహిత సంగతి.

మహిత నా మనవరాలు. జూన్‌లో నాలుగు నిండాయి. తన తర్వాత వాడు ధనంజయ, ఏడాదిన్నర వాడు, ఇప్పటికీ దేవుడి తుమ్ములే తుమ్ముతున్నాడు. వాళ్ళమ్మ భువనేశ్వరి డిగ్రీ దాకా చదివింది. మగ్గాల చప్పుడులో పెరిగిన బిడ్డ ఇంగ్లీషులో మాట్లాడాలని ఆమె పట్టుదల. అందుకని నగరిలో బళ్ళన్నీ వదిలేసి పుత్తూరులో ఒక ఇంగ్లీషు మీడియం బడిలో ఎల్‌కేజీకి చేర్చారు. తెల్లారి ఏడున్నరకు వ్యాను వస్తుంది. సోమవారం మాత్రం ఏడుంపావుకే వస్తుంది. ఎందుకని డ్రైవరు దొరస్వామిని అడిగితే, సోమవారం ఏడున్నరకు రాహుకాలం మొదలవుతుందట, ఆ లోపల బిడ్డలందరినీ గడప దాటించమని ప్రిన్సిపల్ మేడం ఆర్డరట. ఆ మాటతో నాకు ఆ బడి మీద నమ్మకం కుదిరింది.

రెండో వారంలో ఒకరోజు మహిత బూట్లు వేసుకుని, టిఫిన్ సంచి మెళ్ళో తగిలించుకుని వీధి గడప మీద కాలు పెట్టి తుమ్మింది. జలుబు లేదు, మిరియాలు లేవు, మూడేళ్ళు నిండాయి. నేను వెంటనే చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చి కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను. భువనేశ్వరి ఏదో అనబోయింది. ఈలోపల దొరస్వామే వ్యానులోనుంచి తల బయట పెట్టి, తుమ్మిన బిడ్డను ఎక్కించుకోలేనని చెప్పాడు. వ్యానులో ఇరవై మంది బిడ్డలున్నారు, అందరికీ తను పూచీ. అద్దానికి కట్టిన నిమ్మకాయను ఒకసారి తాకి బండి తీసేశాడు.

ధర్మేంద్ర మోటారుసైకిలు మీద తీసుకుపోయాడు. ఎనిమిదింపావుకే గేటు వేసేశారట, వాచ్‌మన్ వెనక్కి పంపాడు. పోయి రావడంలో రెండు మగ్గాలు గంటన్నర ఆగిపోయాయి. ఆ తర్వాత వాడు మళ్ళీ ఆ పని చెయ్యలేదు.

మహిత ఆ రోజంతా నాతోనే ఉంది. షెడ్డులో నేను నూలు కండెలు చుడుతుంటే పక్కన కూర్చుని రంగులవారీగా పేర్చింది. పెరుగన్నం తిని నా తొడ మీద తల పెట్టి నిద్రపోయింది. నాకెంత బాగుందంటే, తుమ్ము ఇచ్చిన దేవుడికి సాయంత్రం ఒక దీపం ఎక్కువ పెట్టాను.

నాలుగు రోజుల తర్వాత మళ్ళీ తుమ్మింది. ఆ తర్వాత వారానికి ఒకటి. ఆగస్టు వచ్చేసరికి వారానికి రెండు. ఆదివారాలూ పండగలూ వచ్చినప్పుడు మాత్రం బిడ్డ ముక్కుకు సెలవు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ గమనించలేదు. గమనించిన మనిషి నోరు తెరవలేదు. ఎందుకో తర్వాత చెబుతాను.

భువనేశ్వరి చదువుకున్నది. నా చట్టాన్ని నా చట్టంతోనే కొట్టాలనుకుంది. ఒకనాడు కొంగు మడతలో మిరియాల పొడి దాచుకుని గడప దగ్గర సిద్ధంగా నిలబడింది. మహిత తుమ్మింది. భువనేశ్వరి పొడి పీల్చింది, తుమ్మింది. రెండయ్యాయి. బిడ్డ చెయ్యి పట్టుకుని పరుగెత్తబోతుండగా మళ్ళీ తుమ్మింది. మూడు. ఆగిపోయింది. నాలుగు. కదిలింది. అయిదు. ఇంతలో ఆమె చంకలో ఉన్న ధనంజయ కూడా ఒకటి తుమ్మాడు. ఆరయిందని ధర్మేంద్ర అన్నాడు. పిట్టగోడ మీదనుంచి చూస్తున్న చంద్రకాంతమ్మ, వాడిది దేవుడి తుమ్ము కలపకూడదంది. అయిదే అయితే ఇంకొకటి రావాలి కదా అని అందరూ కోడలి మొగం చూశారు. ఆమె కళ్ళనీళ్ళు కారుతుండగా ఇంకా రెండు తుమ్మింది. అప్పుడు చంద్రకాంతమ్మ నింపాదిగా అడిగింది.

"కొంగులో మిరియాలు గదా మా? దానికి బలం లే. ఒకటే లెక్క, బిడ్డది."

"అమ్మా, మీది తేలేటప్పటికి ఆడ బడి వదిలేస్తారు," అని దొరస్వామి బండి తీసేశాడు.

భువనేశ్వరి కొంగు దులుపుకుని లోపలికి పోయింది. తప్పు నాదేనని నాకు తెలుసు. కానీ మహిత షెడ్డులో నాకోసం ఎర్ర కండెలన్నీ ఒక వరసలో పెట్టి పిలుస్తోంది. పోయి కూర్చున్నాను.

నోరు తెరవలేదన్నాను కదా. సంగతి ఇది. ఆగస్టు మొదట్లో మహిత యూనిఫాం ఉతకబోతూ జేబు తిరగేశాను. అందులో నూలు పోగులు ఉన్నాయి. వేలెడు పొడవున తెంపి, చివర్లు మెలితిప్పినవి. ఎర్రవి, పచ్చవి, ఒకటి పసుపు. పదకొండు. మగ్గం ఇంట్లో పోగులు ఎక్కడైనా ఉంటాయి, జేబులో కూడా ఉంటాయి. కానీ వీటి కొసలు తడిసి గట్టిపడి ఉన్నాయి. ఒకటి తీసి నా ముక్కులో పెట్టి తిప్పి చూశాను. విషయం అర్థమైంది.

నాలుగేళ్ళ బిడ్డ. మా మామగారు చేసిన చట్టం, చంద్రకాంతమ్మ చేసిన సవరణలు, అన్నీ విని, చూసి, అందులో పోగు మాట ఎక్కడా లేదని కనిపెట్టింది. ఇంత తెలివికి ఎల్‌కేజీ ఎందుకని ఒక్కసారి అనిపించిన మాట నిజం.

ఆ పోగుల్ని భువనేశ్వరికి చూపించి ఉంటే అక్కడితో అయిపోయేది. నేను వాటిని గుడ్డలో చుట్టి బియ్యం డబ్బా వెనక దాచాను. ఉతికిన గౌను జేబులో మర్నాటికి కొత్తవి చేరాయి. అవి కూడా చూశాను, ముట్టుకోలేదు. బిడ్డ ఇంట్లో ఉంటే నాకు బాగుంది. అంతకుమించి కారణం లేదు. ధర్మం, శకునం, పెద్దల మాట అని పైకి చెప్పినవన్నీ దాని మీద కప్పిన దుప్పటి.

సెప్టెంబరులో బడినుంచి కాగితం వచ్చింది. మహిత పందొమ్మిది రోజులు మానిందట. తల్లిదండ్రులు శనివారం పదీ ముప్పై అయిదుకు వచ్చి ప్రిన్సిపల్‌ను కలవాలట. పదిన్నరదాకా రాహుకాలం. నేను కూడా పోయాను, నేనే కదా కారణం.

మేడం గది చల్లగా ఉంది. బల్ల మీద గాజు గ్లాసులో నీళ్ళు పోసి నిమ్మకాయ వేసి పెట్టుకుంది. గోడకు కాణిపాకం వినాయకుడి పటం. ఆమె ముందు ధర్మేంద్రను, తర్వాత భువనేశ్వరిని, చివరకు నన్ను చూసి చాలాసేపు మాట్లాడింది. పక్కనే సూళ్లూరుపేట దగ్గరనుంచి రాకెట్లు ఆకాశానికి పోతుంటే మీరింకా తుమ్ముల దగ్గరే ఉన్నారా అని అడిగింది. బిడ్డల మెదడు తెల్లకాగితం లాంటిదని, ఇంట్లో పెద్దవాళ్ళు దాని మీద మూఢనమ్మకాలు రాస్తే బడి ఏమీ చెయ్యలేదని చెప్పింది. నేను తల వంచుకున్నాను. అన్నీ నిజాలే. చివరకు ఒక కాగితం తీసింది. ఈ నెలలో ఇంకొక్క రోజు మానినా మహిత పేరు కొట్టేస్తామని అందులో ఉంది. సంతకం పెట్టబోయి కలం ఆపి, గుమ్మం దగ్గరున్న గుమాస్తాను పిలిచి అష్టమి పోయిందా అని అడిగింది. నిన్నటితో పోయిందన్నాడు. అప్పుడు పెట్టింది.

ఇంటికి వచ్చాక ధర్మేంద్ర నన్ను ఎదురుగా కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు. వాడు అరిచినా బాగుండేది. తిరుపతిలో భువనేశ్వరి అక్క రేవతి ఇంటి పక్కన ఒక పోర్షన్ ఖాళీగా ఉందట. అక్కడ బడి నడిచిపోయే దూరం. వ్యాను అక్కరలేదు, బడి గంట ఇంట్లోకి వినిపిస్తుంది. బట్టల దుకాణంలో వాడికి పని కూడా చూశాడట రేవతి మొగుడు. ఇక్కడ పేరు కొట్టేస్తే, మరుసటి వారమే సామాను ఎత్తేస్తారు. నన్ను కూడా రమ్మన్నారు. కాకపోతే మగ్గాలు నడిపే మనిషి దొరికేదాకా నేను ఇక్కడే ఉండాలి. నగరిలో ఈ రోజుల్లో మగ్గానికి మనిషి దొరకడం ఎంత కష్టమో వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ మాట ఇద్దరం అనుకోలేదు.

"ఇంకొక్క తుమ్ము మా," అన్నాడు చివర. "అంతే. తర్వాత నీ చేతుల్లో లేదు, నా చేతుల్లో లేదు."

బిడ్డను నా దగ్గర ఉంచుకోవడానికి నేను చేసినదంతా బిడ్డను నా దగ్గరనుంచి తీసుకుపోయే దారి వేసింది. పందొమ్మిది రోజులు దొంగతనంగా తిన్నాను. ఇప్పుడు అసలుకే ఎసరు వచ్చింది.

ఆ మధ్యాహ్నం మహిత బడిసంచి, పెన్సిలు డబ్బా, గౌన్ల జేబులు అన్నీ వెతికాను. దొరికిన పోగులన్నీ తీసేశాను. కండెల బుట్టను అటక మీద పెట్టించాను. నిలబెట్టి చెబుదామని పిలిచాను కూడా. కానీ ఏమని చెప్పాలి? నువ్వు దొంగవని నాకు తెలుసు, తెలిసీ ఊరుకున్నాననా? జుట్టు దువ్వి పంపేశాను. దువ్వుతూ దువ్వుతూ ఆమె జడలో చిక్కుకున్న ఒక ఎర్ర పోగు తీసి, పారెయ్యకుండా నా కొంగు కొసన ముడి వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నానో అప్పుడు నాకు తెలియదు.

ధర్మేంద్ర తన ఉపాయం తను పన్నాడు. ఆదివారమంతా బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఏదో నేర్పాడు. ఇద్దరూ గుసగుసలు, నవ్వులు. నేను దగ్గరికి పోతే ఆపేశారు. అడిగితే, రేపు చూస్తావులే అవ్వా అంది మహిత.

సోమవారం ఏడుంపావుకు వ్యాను వచ్చి నిలబడింది. మహిత బూట్లు వేసుకుని తయారైంది, కుడి బూటు ఎడమ కాలికి. భువనేశ్వరి ఒక చంకలో ధనంజయను, ఇంకో చేత్తో టిఫిన్ సంచిని పట్టుకుంది. ధర్మేంద్ర వేస్టు నూలు మూట షెడ్డులోనుంచి తెచ్చి వీధి అరుగు మీద పడేశాడు. వేస్టు కొనేవాడు తొమ్మిదికి వస్తాడని తెచ్చిపెట్టాడు, అంతే. మూట పడ్డ చోట తెల్లగా దుమ్ము లేచింది. ఎండలో అది మెల్లగా గడప మీదికి తేలివచ్చింది.

మహిత ముక్కు ముడుచుకుంది. ఆ తుమ్ములో మోసం లేదు. వ్యాను వచ్చిన దగ్గరినుంచి నేను ఆ రెండు చేతులమీదనుంచి కళ్ళు తియ్యలేదు, పోగు లేదు. బిడ్డ నోరు తెరిచింది, ఊపిరి లోపలికి పోయింది, ఇంక వచ్చేస్తుంది. అప్పుడు రెండు వేళ్ళతో ముక్కు గట్టిగా పట్టుకుని నోరు మూసేసింది. మొగం ఎర్రబడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. భుజాలు ఒకసారి ఎగిరి పడ్డాయి. అట్లాగే బిగబట్టి వాళ్ళ నాయన వైపు చూసింది.

"అదీ," అన్నాడు ధర్మేంద్ర. "అట్లనే పట్టుకో. వ్యానెక్కినాక చాక్లెట్."

అదే గడప, ఇరవై ఆరేళ్ళ కిందట. దామోదరం చీరల మూట భుజాన వేసుకుని నిలబడ్డాడు. ఆరు గంటల బస్సు. అప్పటికే ఆలస్యమైంది. అంతకుముందు రెండుసార్లు నేను శకునం బాగాలేదని ఆపాను, రెండుసార్లూ బేరం పోయింది, మా అత్త నన్ను తినేసింది. ఆ రోజు నాకు తుమ్ము వచ్చింది. వస్తుండగానే కొంగుతో ముక్కు గట్టిగా పట్టుకున్నాను. సరిగ్గా ఇట్లాగే, భుజాలు ఎగిరి పడ్డాయి. ఆయన వెనక్కి తిరిగి, ఏంది, అన్నాడు. ఏమీ లేదు, పోయిరా, అన్నాను. ఇరవై ఆరేళ్ళుగా ధర్మేంద్ర అడుగుతున్న ప్రశ్నకు జవాబు అది. ఆ పొద్దు ఎవరూ తుమ్మలేదు. తుమ్మాల్సిన మనిషి మింగేసింది.

తుమ్ముతో గుండె ఆగదని నాకూ తెలుసు. పేపరు చదువుతాను. డాక్టర్ల శీర్షిక మొదట చదువుతాను. తెలిసినా ఒరిగిందేమీ లేదు.

"వదులు బిడ్డా," అన్నాను.

"మా, నువ్వు గమ్మునుండు," అన్నాడు ధర్మేంద్ర.

"ముక్కు వదులు. లోపల పెట్టుకోవద్దు. వదులు తల్లీ."

మహిత వాళ్ళ నాయనను చూసింది, నన్ను చూసింది. వేళ్ళు వదిలింది. తుమ్మింది.

దొరస్వామి చెయ్యి గేరు మీదికి పోయింది. పిట్టగోడ మీద చంద్రకాంతమ్మ తల లేచింది. భువనేశ్వరి టిఫిన్ సంచిని మెల్లగా కింద పెట్టింది. ఆ పెట్టడంలోనే తిరుపతి సామాను కనిపించింది నాకు, గిన్నెల మూట, ఊయల, చుట్టిన చాపలు. ధర్మేంద్ర నా వైపు చూడకుండా చెప్పుల కోసం వెతుకుతున్నాడు, అవి వాడి కాళ్ళకే ఉన్నాయి.

నేను గోడ వైపు తిరిగి కొంగు ముడి విప్పాను. ఎర్ర పోగు తీసి ముక్కులో పెట్టుకున్నాను. తిప్పాను. ఏమీ రాలేదు. నలభై ఏళ్ళ నూలు దుమ్ముకు నా ముక్కు రాటుదేలిపోయింది, పోగును చుట్టాన్ని చూసినట్టు చూసింది. ఇంకా లోపలికి పెట్టి తిప్పాను. కళ్ళు మూసుకుని కాణిపాకం స్వామికి మొక్కుకున్నాను. ఆయన ముందు అబద్ధం ఆడితే నిలవదని జిల్లా అంతా భయపడతారు. అట్లాంటి దేవుణ్ణి ఒక దొంగ తుమ్ముకు సాయం రమ్మని పిలిచిన మనిషి నాకు ముందు ఎవరూ ఉండరు. ఆయనకు జాలి కలిగిందో, నవ్వే వచ్చిందో.

తుమ్మాను. ధనంజయ ఉలిక్కిపడి ఏడుపు అందుకున్నాడు. వ్యానులో బిడ్డలంతా ఒక్కసారి నవ్వారు.

"రెండు," అని తీర్పు చెప్పింది చంద్రకాంతమ్మ. కాసేపు నన్నే చూసింది. "జలుబేమన్నా ఉండాదా అలివేలమ్మా?"

"లేదు," అన్నాను. ఆ ఒక్కటి నిజమే.

"రెండయినాయి, ఇంకేం. ఎక్కు పాపా, రాహుకాలం వచ్చేస్తా ఉండాది," అన్నాడు దొరస్వామి.

భువనేశ్వరి సంచి ఎత్తి బిడ్డ మెళ్ళో వేసింది. బూట్లు మార్చడానికి టైము లేదు. ధర్మేంద్ర ఎత్తి వ్యానులో కూర్చోబెట్టాడు. నా పక్కనుంచి పోతూ, ఎందుకు వదలమన్నావు మా అని అడిగాడు. ఊపిరాడక ఏమన్నా అవుతుందని, అన్నాను. వాడు ఇంకేదో అడగబోయి, నా మొగం చూసి, షెడ్డులోకి పోయాడు.

మహిత కిటికీలోనుంచి వేలుతో నన్ను పిలిచింది. దగ్గరికి పోయాను. చెవి దగ్గర పెట్టమంది. పెట్టాను.

"అవ్వా, ఆ ఎర్ర పోగు నాది," అంది.

పోగు ఉన్న పిడికిలి మూసుకున్నాను.

"సాయంత్రం ఇచ్చెయ్. ఎవురికీ చెప్పనులే."

వ్యాను కదిలింది. ఎప్పుడూ ఒకసారి వెనక్కి తిరిగి చూడమని అరిచేదాన్ని. ఆ రోజు అరవలేదు. వ్యాను మలుపు దగ్గరికి పోయింది. నేను అరుగు మీద, వేస్టు మూట పక్కన కూర్చున్నాను.

అప్పుడు వచ్చింది అసలు తుమ్ము. పోగు తిప్పిన తిప్పుడికి ఆలస్యంగా మేలుకున్నట్టుంది నా ముక్కు. చెయ్యి దానంతట అదే కొంగు మీదికి పోయింది. తీసేశాను. మింగలేదు. వీధి అంతా వినపడేటట్టు తుమ్మాను. వ్యాను ఇంకా పూర్తిగా మలుపు తిరగలేదు. ఒక్కటి. ఒక్కటే. పిట్టగోడ మీద ఎవరూ లేరు, చంద్రకాంతమ్మ పొయ్యి మీద పాలు చూసుకోవడానికి లోపలికి పోయింది. నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

షెడ్డులో ధర్మేంద్ర తుమ్మాడు.

షెడ్డు గడపకు లోపల పడిన తుమ్ము లెక్కలోకి రాదు. మా మామగారి చట్టంలో మొదటి మాట అదే. నలభై ఏళ్ళుగా దాన్ని నేను ఒక్కసారి కూడా మీరలేదు. ఆ రోజు మాత్రం లెక్కలో వేసుకున్నాను.

మగ్గాలు ఒకదాని తర్వాత ఒకటి మొదలయ్యాయి. నేను పోగు కొసను చీరకు తుడిచి కొంగు కొసన మళ్ళీ ముడి వేశాను. ఒకసారి లాగి చూసుకున్నాను, గట్టిగానే ఉంది. వ్యాను నాలుగింటికి వస్తుంది.